మంట రాకముందరి చదువు

ఉట్నూర్
18 ఏప్రిల్ 1985

నిర్మల వదినకు తార రాస్తున్న ఉత్తరం.

మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను. కరీంనగర్‌లో మామిడికాయలు దిగాయా? ఈసారి తొక్కు పెట్టేటప్పుడు నా వాటా మరిచిపోవద్దు. మా సారుకు, అదే మా ఆయనకు, బడి సెలవులు. పొద్దంతా ఇంట్లోనే ఉండి నా వంటకు మార్కులు వేస్తున్నారు.

ఇక అసలు సంగతి. గ్రామసేవికగా నేను తిరిగే గూడేల్లో చింతగూడ ఒకటని నీకు చెప్పాను కదా. ఇప్పుడు ఇప్పపూల కాలం. రాలిన పూలు కనబడాలని చెట్ల కింది ఎండుటాకులను కాలబెడతారు. పోయిన వారం అట్లా పెట్టిన నిప్పు మధ్యాహ్నం గాలికి లేచి గుడిసెల మీదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఒక కప్పు అంటుకుంది, చూస్తుండగానే దాని పక్కది. ప్రాణాలు పోలేదు గానీ సగం గూడెం బూడిదైంది. దేవవ్వ అనే ముసలామె మనుమరాలికి చెయ్యి కాలింది. ఆ పిల్లను నా ముందర నిలబెట్టి, "బాయీ, నువ్వు సదువుకున్నదానివి. ఏం జెయ్యాలె చెప్పు" అన్నది దేవవ్వ. ఒకామె పేడ పుయ్యాలన్నది, ఇంకొకామె పసుపు అన్నది. నేను కొయ్యలాగా నిలబడ్డాను వదినా. నాకేమీ తెలియదు. ఆ బండ్లబాటన ఫైరింజన్ వచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు.

పిల్ల చెయ్యి మానుతున్నది. నాకు మాత్రం నిద్ర సరిగా పట్టడం లేదు. మెట్రిక్ పాసై పెళ్లి చేసుకున్నదాన్ని, వచ్చే ఏడు నలభై నిండుతాయి, మా పెద్దోడు కాలేజీలో ఉన్నాడు. అయినా నేను మళ్లీ చదవాలనుకుంటున్నాను. మంటలు, వరదలు, ప్రమాదాలు వచ్చినప్పుడు ప్రజలను ఎట్లా కాపాడాలో నేర్పే డిగ్రీ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కరీంనగర్ కాలేజీలో కనుక్కుని రాయి. అన్నకు ఇప్పుడే చెప్పవద్దు. ఆయన వకీలు ప్రశ్నలు వేస్తే నా దగ్గర జవాబులు లేవు.

నీ ఆడబిడ్డ,
తార

*

కరీంనగర్
6 మే 1985

తారకు వదిన దీవెనలు.

అన్నకు చెప్పవద్దన్నావు. చెప్పలేదు. నీ ఉత్తరాన్ని నేను కూడబలుక్కుని చదువుతుంటే పక్క గదిలోంచి ఆయనే విన్నారు. అదీ సగమే. "ప్రజలను కాపాడుడు" అన్న మాట చెవిన పడ్డదట. కోర్టు నుంచి వచ్చాక మొదలుపెట్టారు. "తార మిలిటరీల చేరుతదా? గీ వయసుల? బావకు జరంత దిమాక్ లేదా?" అని. మిలిటరీ కాదు మొర్రో అన్నాను. "మరి బోర్డర్ల ఎవరిని కాపాడుతది?" అన్నారు. నేను లేచి పప్పు తాళింపు పెట్టుకున్నాను.

కాలేజీకి వెళ్లాను. అక్కడ అంతయ్య అని ఒక గుమాస్తా. మంచివాడే. "ఎవరికమ్మా చదువు?" అన్నాడు. నాకేమైందో తెలియదు, "మా అమ్మాయికి" అనేశాను. "వయసెంత?" అంటే "పద్దెనిమిది" అన్నాను. ఇక ఆ అబద్ధం మీదనే అన్నీ అడిగాను.

అతను చెప్పింది ఇది. మంటలార్పే ఇంజనీరు చదువు నాగపూర్‌లో ఉంది. సైన్సు చదివి ఉండాలి, వయసుకు హద్దుంది, చేరేవాళ్లంతా మగపిల్లలే. రెండోది, ఓపెన్ యూనివర్సిటీ. ఇంట్లో ఉండి చదవాలి, ఆదివారాలు క్లాసులు. ఇంటర్ లేకపోయినా వాళ్లు పెట్టే ప్రవేశ పరీక్ష పాసైతే బి.ఎ.లో చేర్చుకుంటారు. అందులో ప్రభుత్వ పాలన అని ఒక సబ్జెక్టు ఉంది, నువ్వన్నదానికి అదే దగ్గరదేమో అన్నాడు. పేపర్లో ఇంకొక ప్రకటన చూశాను, పోస్టులోనే భద్రతా డిగ్రీ పంపిస్తారట. పాఠాలు ఎప్పుడు పంపుతారని కార్డు రాస్తే, డిగ్రీ మీద పేరు ఎట్లా రాయాలో చెప్పమని జవాబు వచ్చింది. దాన్ని పొయ్యిలో పెట్టాను.

మామిడికాయలు పుల్లగా ఉన్నాయి. నీ వాటా జాడీ వేరే పెట్టాను.

వదిన

*

ఉట్నూర్
20 మే 1985

వదినకు,

నీ ఉత్తరం అందింది. అంత తిరిగి కనుక్కున్నందుకు సంతోషం. ఒక్కటి మాత్రం నా మనసుకు గుచ్చుకుంది. నన్ను మీ అమ్మాయిని చేశావు. మా ఆడబిడ్డ చదువుతుంది అని చెప్పడానికి నీకంత చిన్నతనమైందా? నీకే సిగ్గయితే రేపు క్లాసులో నా పక్కన కూచునే పిల్లలు ఏమనుకుంటారు?

సారు అన్నారు, "మీ వదిన సంగతి నీకు తెల్వదా, జర ఆగు" అని. ఆయనకు ఎప్పుడూ నీ పక్షమే.

బి.ఎ. నాకెందుకు? ప్రభుత్వ పాలన చదివితే గుడిసె ఆరుతుందా? నేను నాగపూర్ వెళ్లి స్వయంగా అడుగుతాను. ఆదిలాబాద్ నుంచి బస్సుంది. మరాఠీ నాకు బాగానే వచ్చు, ఇక్కడి సంతలో సగం బేరాలు ఆ భాషలోనే కదా.

తార

*

కరీంనగర్
1 జూన్ 1985

కోపంగా ఉన్న తారకు,

నాకు చిన్నతనమైన మాట నిజం. నీ గురించి కాదు. ఆ కౌంటరు దగ్గర అంతా పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్ల మధ్య నిలబడ్డది నేను. నేను ఎనిమిదో తరగతిలో బడి మానినదాన్ని అన్నది నా మొఖం మీద రాసి ఉన్నట్టనిపించింది. అందుకే నోరు జారింది. ఇంతకంటే ఎక్కువ రాయలేను.

మీ అన్న సంగతి విను. మిలిటరీ కాదని నమ్మారు. ఇప్పుడు పోలీసు అనుకుంటున్నారు. కోర్టు బార్‌లో ఎవరినో పట్టుకుని ఆడవాళ్ల హోంగార్డుల గురించి అడిగి వచ్చారు. "ఖాకీ చీర ఉంటదట, తారకు బాగనే ఉంటది" అన్నారు. మొదట వద్దన్న మనిషి ఇప్పుడు యూనిఫారం కుట్టించేదాకా వచ్చారు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లాను.

నాగపూర్ తప్పకుండా వెళ్లు. ఒక మాట అడుగుతాను, ఆలోచించు. నీకు మంటను ఆర్పాలని ఉందా, మంట లేవకుండా చూడాలని ఉందా? రెండూ ఒకటే చదువు కాదని నాకు తోస్తున్నది. నేను తప్పయితే చెప్పు.

వదిన

*

ఉట్నూర్
12 జూలై 1985

ప్రియమైన వదినకు,

నాగపూర్ వెళ్లి వచ్చాం. సారు కూడా వచ్చారు. దారంతా వాన, బస్సు పైకప్పు కారింది, నేను గొడుగు విప్పుకుని కూచున్నాను. పక్కనున్నాయన నా గొడుగు కిందనే తల పెట్టి గుర్రు పెట్టాడు.

అక్కడ నన్ను చేర్చుకోలేదు. నియమాలు అట్లా ఉన్నాయి, వాళ్లు మర్యాదగానే చెప్పారు. నేను గేటు దగ్గర నిలబడి పిల్లల కవాతు చూస్తుంటే, వాళ్లకు నేర్పే పెద్దాయన ఒకరు పలకరించారు. ఎక్కడి నుంచి వచ్చారు బాయీ అని మరాఠీలో అడిగారు. చింతగూడ సంగతంతా చెప్పాను. ఆయన కవాతు ఆపించి మరీ విన్నారు. చివరికి అన్నారు, "మేం ఎంత తొందరగా వచ్చినా మంట మా కంటే ముందే వస్తుంది బాయీ. మేం వచ్చేలోపల ఊరు ఏం చేసిందన్నదే అసలు పని. ఆ పని నేర్పే మనిషి మా దగ్గర తయారు కాదు. ఊళ్లోనే ఉండి తయారు కావాలి."

నువ్వు అడిగిన ప్రశ్నే కదా వదినా ఇది. నువ్వు వంటింట్లో కూచుని అడిగిందాన్ని వినడానికి నేను నాగపూర్ దాకా తడిసి వెళ్లాను.

తిరుగు బస్సులో సారుతో వాదించి వాదించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఓపెన్ యూనివర్సిటీలోనే చేరతాను. ప్రభుత్వ పాలన తీసుకుంటాను. ఊరికి బాట వేయడం ఎవరి పని, బావి తవ్వించడం ఎవరి పని, కాలిన గుడిసెకు ఎవరు జవాబు చెప్పాలి, ఇవి తెలిస్తే ఎవరిని ఎట్లా అడగాలో తెలుస్తుంది. ప్రథమ చికిత్స విడిగా రెడ్‌క్రాస్ వాళ్ల దగ్గర నేర్చుకుంటాను. ప్రవేశ పరీక్షకు కరీంనగర్ కేంద్రమే పెట్టుకుంటాను, మీ ఇంట్లో ఉండి రాస్తాను. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం. పుస్తకాలేమైనా దొరికితే పంపు.

నీ ఆడబిడ్డ,
తార

*

కరీంనగర్
9 సెప్టెంబర్ 1985

తారకు,

పుస్తకాలు పంపాను. జవాబు ఆలస్యమైంది, ఇక్కడ పనులు ఎక్కువ. పరీక్షకు నువ్వు ఆదిలాబాద్ కేంద్రం పెట్టుకుంటే మంచిదేమో. నీకు దగ్గర. కరీంనగర్‌లో ఆ రోజుల్లో మాకు తీరిక ఉండదు.

అందరం క్షేమం.

వదిన

*

ఉట్నూర్
25 సెప్టెంబర్ 1985

వదినకు,

సరే. ఆదిలాబాద్‌లోనే రాస్తాను. అక్కడ నా స్నేహితురాలు గంగుబాయి ఉంది, వాళ్లింట్లో ఉంటాను.

పుట్టింట్లో నా కోసం ఎవరికీ తీరిక లేకపోవడం ఇదే మొదటిసారి. అన్నకు నా చదువు నచ్చకపోతే ఆ మాట ఆయనే రాయవచ్చు. నీ చేత రాయించనక్కర్లేదు. తొక్కు జాడీ కూడా పంపవద్దు.

తార

*

కరీంనగర్
20 జనవరి 1986

తారా,

నువ్వు పాసయ్యావని మీ సారు, రామచంద్రం అన్నయ్య కార్డు రాశారు. నువ్వు రాయలేదు. నాకు అట్లా కావలసిందే.

ఇప్పుడు చెబుతాను, కూచుని చదువు. నేను కూడా పాసయ్యాను.

నీ కోసం తెచ్చిన పుస్తకాలు పంపేముందు, పనికొచ్చేవో కావో చూద్దామని తిరగేశాను. మొదటి పాఠంలోనే పడిపోయాను. గ్రామ పంచాయతీ గురించి. అన్నం మాడి పొగ వచ్చింది. మీ అన్న పరుగున వచ్చి, "గిదేనా మంటలాపే సదువు?" అన్నారు. మరునాడు మళ్లీ అంతయ్య దగ్గరికి వెళ్లి, ప్రవేశ పరీక్ష రాసేది నేను అని చెప్పాను. "మీ అమ్మాయో?" అన్నాడు. "ఆమె ఉట్నూర్‌లో చదువుకుంటున్నది" అన్నాను. ఇంకేం అడగలేదు పాపం.

నువ్వు మెట్రిక్ పాసైనదానివి. నేను ఎనిమిది దాటనిదాన్ని. ఒకే హాల్లో రాసి నువ్వు పాసై నేను తప్పితే నీ మొఖం ఎట్లా చూడను? నాకు లెక్కలంటే భయం. అందుకే నిన్ను ఆదిలాబాద్ పొమ్మన్నాను. మీ అన్నకు నీ మీద కోపమూ లేదు, ఏమీ లేదు. ఆయనే నాకు శాతాలు నేర్పారు. నేర్పుతూ నేర్పుతూ, "నీకు గింత తెలివున్నదని ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అన్నారు. మీరు అడగలేదు అన్నాను.

వద్దన్నా నేను పంపిన జాడీని వెనక్కి పంపినావు. దాన్ని మళ్లీ పంపిస్తున్నాను. ఈసారి తిరిగొస్తే నేనే దాంతో పాటు ఉట్నూర్ బస్సెక్కుతాను.

నీతో పాటు చదవబోయే
నిర్మల

*

ఉట్నూర్
28 జనవరి 1986

వదినా,

నీ ఉత్తరాన్ని సారు బడిలో తీసుకుని, అక్కడే విప్పి చదివి, అక్కడి నుంచే నవ్వుకుంటూ వచ్చారు. పిల్లలు ఆయన వెనక గుంపు కట్టారు. నేను చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత జాడీ మూత తీసి వేడన్నంలో తొక్కు కలుపుకుని తిన్నాను.

నేనెంత మాట రాశాను నిన్ను. ఇంటికి వచ్చినప్పుడు నా చెవి మెలిపెట్టు. క్లాసులకు నేను కేంద్రం మార్చుకుంటున్నాను. ఆదివారాలు కుదిరినప్పుడల్లా కరీంనగర్ వస్తాను. నీకు లెక్కలంటే భయం, నాకు ఇంగ్లీషంటే భయం. ఇద్దరం ఒక బెంచీ మీద కూచుందాం.

తార

*

ఉట్నూర్
15 మే 1987

సహాధ్యాయిని నిర్మలాదేవిగారికి,

చింతగూడలో మళ్లీ నిప్పు లేచింది. కంగారు పడకు, మొత్తం చదువు.

పోయిన ఏడాదంతా అక్కడ నేను పోట్లాడింది గడ్డివాముల గురించే. గుడిసెల మధ్యలోంచి వాటిని తీయించాలన్నాను. గూడెం పెద్ద ఒప్పుకోలేదు. "దూరం పెడితే ఎవని పసులన్న మేస్తయి, మాకు గడ్డి యాడికెల్లి వస్తది?" అన్నాడు. అతను అన్నదీ నిజమే. మన పుస్తకంలో దీనికి జవాబు లేదు. దేవవ్వే అన్నది, "ముండ్ల కంచె కొడ్తే యే పసువు వస్తది? కొట్టుండ్రి." అందరూ కలిసి గూడెం బయట వాములు వేసి కంచె కొట్టారు. గుడిసెకొక నీళ్ల గోలెం పెట్టించాం. బావి కోసం నేను రాసిన అర్జీలు ఎవరికి పంపాలో మన రెండో పుస్తకం చెప్పింది. బావి వచ్చింది.

ఈ నెలలో ఒక పొయ్యి నిప్పు కప్పుకు అంటుకుంది. నేను అక్కడ లేను వదినా, మరునాడు తెలిసింది. పశువులను విప్పారట, పక్క గుడిసె కప్పును ముందే లాగేశారట, తడి గోనెసంచులు వేశారట. ఒకామెకు కాలు కాలితే చల్లటి నీళ్లు పోస్తూ కూచున్నారట, పేడ ఎవరినీ దగ్గరికి తేనీయలేదట. ఒకే ఒక గుడిసె పోయింది. దాన్ని అంతా కలిసి మళ్లీ కప్పారు.

నేను వెళ్లేసరికి ఏమీ జరగనట్టే ఇప్పపూలు ఎండబెట్టుకుంటున్నారు. నాకు చేయడానికి ఏమీ లేకపోయింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. కూచుని వాళ్లతో పాటు పూలు ఏరాను.

వచ్చే ఆదివారం క్లాసుకు వస్తున్నాను. నోట్సు రాసిపెట్టు.

తార

*

కరీంనగర్
3 మార్చి 1988

తారకు,

నేను ఇక్కడ సినిమా ఆపాను.

మ్యాట్నీకి వెళ్లాం, నేనూ మీ అన్నా. పేరు రాయను, కొత్త హాలు. ఇంటర్వెల్‌లో చూస్తే ఆడవాళ్ల వైపు తలుపుకు గొలుసు వేసి తాళం. మేనేజరును పిలిచి తీయమన్నాను. "తీస్తే టికెట్ లేనోళ్లు జొరబడ్తరమ్మా" అన్నాడు. తాళంచెవి ఎక్కడుందన్నాను. "ఇంటికాడ" అన్నాడు. "లోపల మంట లేస్తే నువ్వు ఇంటికి పోయి తెచ్చేదాకా మేం కూచుంటమా?" అని అడిగాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వెనక వరుస ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ తలుపు తీస్తేగానీ కూచోమన్నారు. మగవాళ్లు ఈలలు వేశారు, సినిమా పెట్టమని.

మీ అన్న మొదట తల వంచుకుని కూచున్నారు. నన్నెరగనట్టు. తర్వాత మెల్లగా లేచి వచ్చి, మేనేజరుతో, "నేను వకీలును. ఈమె చెప్పేది చట్టంల ఉన్నది. జర ఆ తాళం పలగ్గొట్టు" అన్నారు. రాయి తెచ్చి పగలగొట్టారు. రెండో సగం సినిమా ఎవరికీ అర్థం కాలేదు, అందరూ నన్నే చూస్తున్నారు.

ఇంటికి వస్తూ దారిలో నేనడిగాను, చట్టంలో ఏ సెక్షన్ అని. "రేపు పొద్దుగాల వెతుకుత" అన్నారు. వెతికారు. ఉంది.

వదిన

*

ఉట్నూర్
22 జూన్ 1989

బి.ఎ. నిర్మలాదేవిగారికి బి.ఎ. తారాబాయి నమస్కరించి రాయునది.

ఫలితాలు పేపర్లో చూశాం. ప్రభుత్వ పాలనలో నీకు నా కంటే ఎక్కువ వచ్చాయని సారు అందరికీ చెబుతున్నారు. ఇంటి ముందు నుంచి పోయే కోమటాయనకు కూడా చెప్పారు.

ఇంకొక కబురు. ఈ ఏజెన్సీలోని గ్రామసేవికలందరికీ ప్రమాదాల గురించి, ప్రథమ చికిత్స గురించి నేర్పే పని నాకు అప్పజెప్పారు. జీపు ఇస్తారు. డ్రైవరు హనుమండ్లు వేగంగా నడుపుతాడు. మొదటి పాఠం అతనికే చెప్పాలి.

ఆ కాలేజీలో, ఆ బెంచీ మీద, నువ్వు లేకపోతే రెండో సంవత్సరంలోనే మానేసేదాన్ని. ఇంగ్లీషు పరీక్ష నాడు నేను లేచి బయటికి పోబోతే నా కొంగు పట్టుకుని కూచోబెట్టావు. పర్యవేక్షకుడు కాపీ కొడుతున్నామనుకుని వచ్చాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది.

నువ్వేం చేయబోతున్నావు? రాయి.

తార

*

కరీంనగర్
16 జూలై 1989

తారకు,

నేనేం చేస్తున్నానో అడిగావు. మా వీధి ఆడవాళ్లకు ఆదివారాలు మన వరండాలో ప్రథమ చికిత్స నేర్పుతున్నాను. ఇవాళ విరిగిన ఎముకలకు కట్టు కట్టడం. కట్టు కట్టడానికి ఒక రోగి కావాలి. నలుగురిలో పడుకోవడానికి ఆడవాళ్లెవరూ ముందుకు రాలేదు. మీ అన్న పేపరు చదువుతున్నారు. నేను ఆయన వైపు చూశాను. "నా దిక్కు సూడకు" అన్నారు. అందరూ చూశారు. పేపరు మడిచి వచ్చి బల్ల మీద పడుకున్నారు.

ఒక కాలికి కర్రలు పెట్టి కట్టాం. ఒక చేతికి మెడలోంచి జోలె వేశాం. తలకు గుడ్డ చుట్టాం. దవడ విరిగితే ఎట్లా కట్టాలో చూపించమని బాలవ్వ అడిగితే అదీ కట్టాం. కదలవద్దు, మాట్లాడవద్దు అని చెప్పాను.

అంతలో మీ అన్న కక్షిదారు మల్లన్న మంథని నుంచి కాగితాలు పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర నుంచి చూశాడు. "అయ్యో వకీల్‌సాబ్" అని చేతిలోవన్నీ కింద పడేసి, నేను పిలుస్తున్నా వినకుండా వెనక్కి ఉరికాడు. కాసేపటికి బార్ వకీళ్లు రిక్షాల్లో దిగారు. అరటిపండ్లు, బత్తాయిలు తెచ్చారు. ఒకాయన నా ముందర కండ్లు తుడుచుకున్నాడు. లారీయా బస్సా అని అడిగాడు. నేను, పాఠమండీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మీ అన్న కట్టు లోపలి నుంచి గుడ్లు మిటకరిస్తున్నారు తప్ప వేలు కూడా కదపలేదు.

ఆడవాళ్లు ఒక్కరొక్కరుగా వచ్చి ముడి సరిగ్గా పడిందో లేదో చూసి వెళ్లారు. అప్పుడు దవడ కట్టు విప్పాను. "లేచి చెప్పొచ్చు కదా, ఇంతమందిని పరేషాన్ చేశారు" అన్నాను. ఆయన దవడ రెండుసార్లు ఆడించి, అక్కడున్న వకీళ్లందరూ వినేటట్టు చెప్పారు:

"ఎట్ల లేస్త? కదలొద్దని మా పంతులమ్మ చెప్పింది."

పండ్లు వీధి ఆడవాళ్లం అందరం పంచుకుని తిన్నాం. వచ్చే ఆదివారం నువ్వు రావాలి. కాలిన గాయాల పాఠం నీదే. రోగి సిద్ధంగా ఉన్నారు.

వదిన